ఏడుకు ఏడు ఇచ్చి, ఎంపీని మార్చి: మేడ్చల్ ఓటరు చెబుతున్నదేమిటి?

2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోని ఏడు స్థానాలకు ఏడూ బీఆర్ఎస్ గెలుచుకుంది. 2024 మే 13న అదే ఏడింటిలో లోక్‌సభకు ఓట్లు పడితే ఆ పార్టీ మూడో స్థానానికి జారింది. ఈ పరిధిలోని మేడ్చల్, శామీర్‌పేట ఓటర్లది గాలివాటమని ఈ ఫలితం చూసి తేల్చేసినవాళ్లున్నారు. నాలుగు లోక్‌సభ ఎన్నికలను వరుసగా పేర్చి చూస్తే ఆ మాట నిలవదు.

మేడ్చల్‌లో 1994, 1999, 2004 ఎన్నికల్లో గెలిచింది తెలుగుదేశం నేత తూళ్ల దేవేందర్‌గౌడ్. చంద్రబాబు మంత్రివర్గంలో హోంమంత్రిగా కూడా పనిచేసిన ఆయన 2008లో పార్టీ వీడి నవ తెలంగాణ ప్రజా పార్టీ పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని ప్రజారాజ్యంలో కలిపి, కొత్తగా ఏర్పడిన మల్కాజిగిరి లోక్‌సభ స్థానానికి పోటీచేసి ఓడిపోయారు. మూడుసార్లు గెలిపించిన చోట కూడా జనం నాయకుడి వెంట కొత్త జెండా కిందికి వెళ్లలేదు.

2009లో లోక్‌సభకు, అసెంబ్లీకి ఒకేరోజు ఓటు. ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఐదు కాంగ్రెస్‌వి. మేడ్చల్‌లో కిచ్చన్నగారి లక్ష్మారెడ్డి ఎమ్మెల్యే అయ్యారు. ఎంపీగా కాంగ్రెస్ అభ్యర్థి సర్వే సత్యనారాయణ గెలిచారు. 2014లోనూ ఒకేరోజు ఓటు. ఈసారి తెలుగుదేశం, బీజేపీ కూటమికి ఐదు స్థానాలు దక్కాయి. ఎంపీ తెలుగుదేశం అభ్యర్థి చామకూర మల్లారెడ్డి. తెలంగాణలో ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క లోక్‌సభ స్థానం అది. మేడ్చల్ మాత్రం తెలంగాణ ఉద్యమ ఊపులో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) అభ్యర్థి మలిపెద్ది సుధీర్‌రెడ్డిని ఎన్నుకుంది. అయినా మొత్తంగా చూస్తే ఎక్కువమంది ఎమ్మెల్యేలు ఎవరివారో ఎంపీ కూడా వారే.

2018 సెప్టెంబరు 6న కేసీఆర్ అసెంబ్లీని రద్దు చేయడంతో ఈ లెక్క మారింది. రెండు ఎన్నికలూ విడిపోయాయి. ఆ నవంబరులో సోనియా గాంధీ మేడ్చల్‌కు వచ్చి కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమి సభలో మాట్లాడారు. డిసెంబరులో ఏడింట ఆరు టీఆర్ఎస్‌కే దక్కాయి. అప్పటికే ఆ పార్టీలో చేరిన మల్లారెడ్డి మేడ్చల్‌లో భారీ ఆధిక్యంతో నెగ్గారు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2019 ఏప్రిల్‌లో, ఆయన అల్లుడు మర్రి రాజశేఖర్‌రెడ్డి అదే పార్టీ తరఫున ఎంపీగా నిలబడి 10,919 ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచింది కొడంగల్ అసెంబ్లీ స్థానంలో అంతకుముందే ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి రేవంత్‌రెడ్డి. ‘సారు, కారు, పదహారు’ అని ఊదరగొట్టిన టీఆర్ఎస్‌కు రాష్ట్రంలో 9 ఎంపీ స్థానాలే వచ్చాయి.

2024లోనూ అదే జరిగింది. హుజూరాబాద్, గజ్వేల్ రెండుచోట్లా ఓడిన ఈటల రాజేందర్ బీజేపీ తరఫున ఇక్కడ నిలబడి, కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్‌రెడ్డిపై 3,91,475 ఓట్ల ఆధిక్యం సాధించారు. అసెంబ్లీకి ఓడినవారే రెండుసార్లూ ఇక్కడ ఎంపీలయ్యారు. ఒకరు కాంగ్రెస్, ఒకరు బీజేపీ. కాబట్టి దీన్ని ఒక పార్టీ గాలిగా కొట్టిపారేయలేం.

మరి కారణమేమిటి? అసెంబ్లీ ఎన్నికల్లో పింఛను, రైతులకు పెట్టుబడి సాయం, నల్లా నీళ్లు, కాలనీ రోడ్లు తూకానికి వస్తాయి. లోక్‌సభకు వచ్చేసరికి ప్రధాని ఎవరన్నది ముందుకొస్తుంది. ఆ ప్రశ్నకు ప్రాంతీయ పార్టీ దగ్గర సూటి జవాబు లేదు. దానికితోడు ఓటర్లే మారారు. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ, నల్సార్, బిట్స్ పిలానీ క్యాంపస్, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక తుంకుంట, గుండ్లపోచంపల్లి లాంటి ఊళ్లు మున్సిపాలిటీలయ్యాయి. మల్కాజిగిరిలో 2019లో 31 లక్షలు దాటిన ఓటర్లు 2024కు 37 లక్షలు దాటారు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే ఇది అతిపెద్ద నియోజకవర్గం. అయితే రెండుసార్లూ పోలింగు దాదాపు సగమే. కనుక ఈ మార్పంతా మనసు మార్చుకున్నవాళ్లదే అనలేం. ఒక ఎన్నికకు వచ్చి, మరోదానికి ఇంట్లో ఉండిపోయినవాళ్ల పాత్రా ఇందులో ఉంది.

2019-20లో ఢిల్లీదీ ఇదే దారి. 2019లో ఏడు లోక్‌సభ స్థానాలూ బీజేపీకి ఇచ్చిన ఓటర్లు 2020లో 70 అసెంబ్లీ స్థానాల్లో 62 ఆమ్ ఆద్మీ పార్టీకి ఇచ్చారు.

జమిలి ఎన్నికల బిల్లు 2024 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చింది. ఖర్చు తగ్గుతుందని, పాలనకు తీరిక దొరుకుతుందని చెబుతున్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ మేడ్చల్ అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఒకేరోజు అడిగినప్పుడు ఇక్కడి జనం ఢిల్లీకీ రాష్ట్రానికీ దాదాపు ఒకే జవాబిచ్చారు. విడిగా అడిగితే రెండుసార్లూ వేర్వేరు జవాబులిచ్చారు. ఎమ్మెల్యేను మెచ్చుకుంటూనే ఎంపీ విషయంలో ఆ పార్టీని కాదనే వీలు ఓటరుకు ఉండాలి. ఆ వీలును మిగిలిన ఖర్చుతో కొలవలేం. ఎన్నికల తేదీలు కలిపే ముందు, ఓటరు సంపాదించుకున్న ఈ రెండో తీర్పు ఏమవుతుందో పార్లమెంటు జవాబు చెప్పాలి.