ఇనుమును పట్టే మందులు

డుమస్ తీరంలో ఇసుక నల్లగా ఉండటానికి అందులోని ఇనుప ఖనిజమే కారణమని సూరత్‌లో చెబుతారు. ఇసుకలోని ఇనుము ఎవరి జోలికీ రాదు. ఒంట్లో పోగుపడ్డ ఇనుము అలా ఊరుకోదు. గుజరాత్‌లోని సింధీ, లోహాణా కుటుంబాలకు ఈ సంగతి తరచూ రక్తం ఎక్కించుకోవలసిన తలసీమియా జబ్బు వల్ల బాగా తెలుసు. ఎక్కించే ప్రతి రక్తం సంచితోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి చేరుతుంది. అదనపు ఇనుమును వదిలించుకునే దారి శరీరానికి లేదు. అది గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది.

దాన్ని పట్టి బయటికి తెచ్చే డెస్‌ఫెర్రియాక్సమిన్ 1960లలో వాడుకలోకి వచ్చింది. మట్టిలోని ఒక సూక్ష్మజీవి తనకు కావలసిన ఇనుమును అందుకోవడానికి చేసుకునే పదార్థమే అది. పిల్లలకు రాత్రంతా చర్మం కింద సూదితో ఎక్కించాలి. ఆ బాధ తప్పించిన డెఫెరిప్రోన్ మాత్రకు 1990లలో మొదట అనుమతి ఇచ్చింది మన దేశమే. అది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం.

ఇలా ఇనుమును పట్టే మందులు క్యాన్సర్ చికిత్సలోకి వచ్చిన దారి వేరు. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. దానికి ముడిసరుకు అందించే ఎంజైము ఇనుము లేనిదే పనిచేయదు. 1956లో థయోసెమికార్బజోన్ జాతి పదార్థం ఒకటి ఎలుకల్లో ల్యుకేమియాను అదుపు చేసింది. ఆ జాతి నుంచే యేల్ విశ్వవిద్యాలయంలో అలన్ సార్టొరెల్లి బృందం ట్రయాపిన్‌ను రూపొందించింది. ఇది ఇనుమును పట్టుకుని ఊరుకోదు, పట్టిన ఇనుముతో కలిసే ఆ ఎంజైమును చెడగొడుతుంది. కానీ రక్తంలోని హిమోగ్లోబిన్‌నూ దెబ్బతీసి, ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్, రేడియేషన్‌లకు దీన్ని జోడించి చేసిన పెద్ద పరీక్షలో రోగుల ఆయుష్షు పెరగలేదు. ఎలుకల్లో ఫలితం చూసి ఆశపడిన వాళ్లందరికీ ఇది బాధ కలిగించే వార్తే.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది లండన్ కథ. లోహాలను గట్టిగా పట్టే ఈడీటీఏ కణంలోకి వెళ్లలేదు. వెళ్లగలిగేలా దాని రూపం మార్చి, 1969లో క్రైటన్, హెల్‌మన్ బృందం రజోక్సేన్‌ను క్యాన్సర్ మందుగానే ప్రకటించింది. ఆ పాత్రలో అది పెద్దగా నిలవలేదు. దాని సోదర రూపమైన డెక్స్‌రజోక్సేన్‌కు మాత్రం 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది, డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు తీసుకునే రోగుల గుండెను కాపాడటానికి. ఇనుమును పట్టేయడం వల్లే గుండెకు మేలు అని చాలాకాలం నమ్మారు. డీఎన్‌ఏ చిక్కులు విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడమే అసలు కారణమని ఇటీవలి పరిశోధకులు వాదిస్తున్నారు.