బోదకాలి మందు: ఒడిశా గడ్డపై జరిగిన పరీక్ష

కొత్త మందు వెలువడినదను వార్త వినగానే, ఒక పండితుడు ప్రయోగశాలలో దానిని సాధించెననియు, అంతటితో పని ముగిసెననియు సామాన్యముగా తలంతుము. ఔషధ చరిత్రలో అది పూర్వార్ధము మాత్రమే. ఉత్తరార్ధము జనుల యిండ్ల ముంగిట జరుగును. ఈ రెండు భాగములను గలిగి, తెలుగువారికిని మనము స్థిరపడిన ఒడిశాకును సమానముగా చెందిన కథ యొకటి కలదు. అది బోదకాలి మందు కథ.

గంజాం తీరమునకు బోదకాలు కొత్త వ్యాధి కాదు. గజ్జలలో బిళ్ల కట్టుట, చలిజ్వరము వచ్చుట, క్రమముగా కాలు వాచి బరువెక్కుట మన పెద్దలెఱిగినవే. దారమువంటి సన్నని పురుగులు శరీరములో చేరి యేండ్ల తరబడి నివసించును. వాని పిల్లలు రాత్రివేళ నెత్తురులో సంచరించును. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ వానిని ఒకరినుండి యొకరికి చేర్చును.

రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ ద్వీపములకు పోయిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకగా, మందుకై అన్వేషణ ముమ్మరమైనది. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, బోస్టను నగరము చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అప్పటికి లెడర్లీ కంపెనీ పరిశోధనశాఖకు అధిపతి. వారి బృందము పెక్కు రసాయనములను జంతువులపై పరీక్షించి డైఇథైల్ కార్బమజైనును ఎన్నుకొనెను. 1947లో పోర్టోరికో ద్వీపమున రోగులకిచ్చి చూడగా నెత్తురులోని పిల్లపురుగులు శీఘ్రముగా తగ్గినవి. దానికి హెట్రజాను అని పేరిడిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, తమ 53వ యేట, స్వర్గస్థులైరి.

ఆ మఱుసటి సంవత్సరము, అనగా 1949లో, బోదకాలి నివారణకై ఒడిశాలో ఒక నమూనా ప్రణాళిక ఆరంభమై 1954 వరకు నడచెను. జనులందఱకు ఈ మందు పంచుట, దోమపిల్లలను నీటనే చంపుట, ఇండ్లలో క్రిమినాశినిని చల్లుట అను మూడుపాయములను పరీక్షించిరి. దానిననుసరించి 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమము వెలసెను.

అయినను 1960లో జరిగిన సమీక్షలో, అందఱకు మాత్రలు పంచు పద్ధతి నెగ్గలేదని తేలెను. మాత్ర వేసికొనగానే నెత్తురులోని పురుగులు చచ్చుటవలన కొందఱకు జ్వరము, తలనొప్పి కలుగును. వ్యాధిచిహ్నమే లేని మనుష్యుడు, ఆరోగ్యముగానున్న తనకు జ్వరము తెప్పించిరని తలచి, రెండవమారు మాత్ర ముట్టడు. మందు మంచిదే, నమ్మకము చాలలేదు.

ఆ చిక్కును విడదీయుటకు మఱల పరీక్షలే శరణ్యమైనవి. పండ్రెండు దినముల మోతాదునకు బదులు ఏటికొక్కమారు ఇచ్చినను చాలునని తేలినది. 2004 నుండి దేశమున వ్యాధి గల జిల్లాలన్నిటను ఈ వార్షిక పంపిణీ ప్రబలెను. తరువాత ఆల్బెండజోలు చేరెను. దానికి ఐవర్మెక్టిను గూడ చేర్చవచ్చునా యని భారతదేశముతో సహా ఐదు దేశములలో 26,000 మందికి పైగా పరీక్షించి, అపాయము లేదని నిశ్చయించిరి. 2018లో మన దేశమున ఆ త్రివిధౌషధ పద్ధతి ఆరంభమైనది.

కచ్చేరిలో దస్తరములు వ్రాసి బ్రతికినవాడను గనుక నాకొక విషయము విశేషముగా తోచును. ఔషధపరీక్ష యనునది నిజమునకు పద్దుల పుస్తకమే. ఎవరికెంత మందిచ్చిరి, ఎవరికి గుణమిచ్చెను, ఎవరికి బాధ కలిగెను అనునవన్నియు చేరవలెను. బాధను దాచిన పద్దు దొంగపద్దు. అందుచేతనే మన దేశమున 2009 జూన్ 15 నుండి, మొదటి రోగిని చేర్చుకొనకమునుపే పరీక్షను ప్రభుత్వ పట్టికలో నమోదు చేయవలెనను నిబంధన యేర్పడెను.

కొడలలోనైనను బరంపురములోనైనను మాత్రలు తెచ్చువారు సాధారణముగా ఒడియాలో మాటలాడుదురు. మన యిండ్లలోని వృద్ధులకు ఆ మాట పూర్తిగా తెలియకపోవచ్చును. రెండేండ్లలోపు శిశువులకు, గర్భవతులకు, తీవ్రరోగులకు ఈ మాత్రలీయరాదనియు, తక్కినవారు భోజనానంతరము మింగవలెననియు, కొద్దిపాటి జ్వరము పురుగులు చచ్చుటకు గుర్తేగాని కీడు కాదనియు, అది మించినచో వైద్యునికి చెప్పవలెననియు యువకులు తెలుగున వివరింపవలెను. భీమవరమున పుట్టినవాడు సాధించిన మందు మనవారి చేతిలోనికి వచ్చి, మాట తెలియక పారవేయబడుట తగదు.