పనిముట్ల చరిత్ర – 9: పందికొక్కు తెలుగు మాటే



పోయిన భాగంలో మోటబొక్కెన గురించి రాశాను. బావిలోంచి నీళ్లు తోడిన ఆ తోలు సంచీ, దాని తొండం మాదిగ చేతుల్లో తయారయ్యాయి. ఊరి పొలాలు ఆ తోలు మీద పండాయి. అయినా సాంకేతిక చరిత్రలో ఆ చేతులకి పేజీ లేదు. అది చదివి చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు. "పాత సంగతులు సరే మేడమ్, ఇప్పుడు మా కాలేజీల్లో హ్యాకథాన్లు నడుస్తున్నాయి కదా, వాటి గురించి రాయండి" అని.

రాస్తాను. కాకపోతే నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. ఒక మాట దగ్గర మొదలుపెడతాను.

పందికొక్కు.

ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట ఉంది. మంచి నిఘంటువు తీసి చూడండి, మూలం తెలుగు అని ఉంటుంది. మన పందికొక్కే ఓడెక్కిపోయి బాండికూట్ అయింది. 2018 మొదట్లో తిరువనంతపురంలో ఒక రోబోకి ఆ పేరు పెట్టారు. మ్యాన్‌హోల్ మీద కాళ్లు చాపి నిలబడుతుంది. ఒక భాగం లోపలికి దిగుతుంది. కెమెరా చూస్తుంది, చెయ్యి సిల్టు ఎత్తి బకెట్లో పోస్తుంది. మనిషి పైన నిలబడి స్క్రీన్ చూస్తూ దాన్ని నడుపుతాడు. కేరళలోని కుట్టిప్పురం ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న కుర్రాళ్లు దాన్ని తయారుచేశారు. కాలేజీ రోజుల్లో వాళ్లు చేసింది వేరు. మనిషి ఒంటికి తొడుక్కునే రోబో సూటు, సినిమాల్లో చూస్తామే, అలాంటిది.

సూటు దగ్గర్నుంచి మురుగు దాకా వాళ్లని నడిపించింది ఒక చావు. కాదు, మూడు చావులు.

2015 నవంబర్ 26. కోళికోడ్‌లో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పడిపోయారు. నౌషాద్ అనే ఆటో డ్రైవర్ వాళ్లని కాపాడబోయి తానూ చనిపోయాడు. ముగ్గురూ పోయారు. ఆ రోబో చేసిన కుర్రాళ్లు తమని కదిలించింది ఈ సంఘటనేనని చెప్పుకున్నారు.

మిత్రులారా, లోపల పడిపోయిన ఆ ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లినవాళ్లు. మన భాష మాట్లాడేవాళ్లు. నౌషాద్ పేరు కేరళ గుర్తుపెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. మరి మనవాళ్లిద్దరి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? యంత్రానికి తెలుగు పేరు దక్కింది. తెలుగు మనుషుల పేర్లు మ్యాన్‌హోల్‌లోనే ఉండిపోయాయి. ఇంకో సంగతి. నవంబర్ 26ని రాజ్యాంగ దినోత్సవంగా ప్రభుత్వం మొదటిసారి జరిపింది ఆ ఏడాదే, ఆ రోజే.

ఇప్పుడు హ్యాకథాన్ దగ్గరికి వద్దాం.

ఈ మాట పాతదేం కాదు. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పదిమంది ఒకచోట కూర్చుని పనిచేశారు. దాన్ని హ్యాకథాన్ అన్నారు. రహస్య సంకేతాల సాఫ్ట్‌వేర్‌ని దేశం దాటించకూడదని అమెరికాలో అప్పుడు ఆంక్షలుండేవి. ఆ చట్టం చెయ్యి పడని చోట కూర్చోవాలని కెనడా వెళ్లారు. అంటే మొదటి హ్యాకథాన్‌లో సమస్యని ఎవరో కాగితం మీద రాసి ఇవ్వలేదు. పనిచేసేవాళ్ల సొంత సమస్య అది.

మన దేశంలో 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలైంది. 29 కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాలు దాదాపు 600 సమస్యలు ఇచ్చాయి. పిల్లలు 36 గంటలు ఆగకుండా కూర్చుని సాఫ్ట్‌వేర్ రాశారు. 2018 జూన్‌లో హార్డ్‌వేర్ పోటీ కూడా చేర్చారు, అది ఐదు రోజులు. జట్టుకి ఆరుగురు. అందులో ఒక్క అమ్మాయైనా ఉండాలనేది నిబంధన. మంచి నిబంధన. అది లేకపోతే ఎన్ని జట్లు అమ్మాయిని తీసుకునేవో మీకే తెలుసు.

ఇక్కడ 'ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్' అనే మాట మీద ఆగండి. కార్యాలయం సమస్య రాస్తుంది, విద్యార్థి పరిష్కారం రాస్తాడు. నా ప్రశ్న పరిష్కారం గురించి కాదు. సమస్యని ఎవరు రాస్తారు?

ఇది మాటల గారడీ కాదు, ప్రాణం మీది సంగతి. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం తీసుకోండి. రక్షణ పరికరాలు ఇచ్చి శుభ్రం చేయిస్తే ఆ మనిషి 'మాన్యువల్ స్కావెంజర్' కిందికి రాడని అందులోనే వివరణ ఉంది. ఆ నిర్వచనం ఏం చేసిందో చూడండి. 2021లో పార్లమెంటులో ప్రభుత్వం మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చావులేవీ లేవంది. అదే ప్రభుత్వం 2023 జూలైలో, అంతకు ముందు ఐదేళ్లలో మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 339 మంది చనిపోయారంది. రెండూ ప్రభుత్వం మాటలే. సమస్యని రాసే కలం ఎవరి చేతిలో ఉందో, శవాల లెక్క ఆ కలం చెప్పినట్టే ఉంటుంది.

ఆ పని చేసేది ఎవరు? 2024లో బయటికొచ్చిన కేంద్రం లెక్కే చెబుతుంది. నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన దాదాపు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో సుమారు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలని, ఓబీసీలని కలిపితే దాదాపు 92 శాతం.

"యంత్రాలు ఇంకా రాలేదు మేడమ్, వస్తే మారుతుంది" అంటారు ఇంజనీరింగ్ పిల్లలు. వాళ్లకి నేను కోలార్ బంగారు గనుల కథ చెబుతాను. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు అక్కడికి వచ్చింది. దేశంలో చాలా పట్నాలు దీపం వత్తి ఎగదోసుకుంటున్న రోజులవి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతుకి మనుషుల్ని దించి, గాలి పంపి, బంగారంతో పైకి తేగల యంత్రాలున్న ఊరు అది. అదే ఊళ్లో పాయఖానాలు చేత్తో ఎత్తేవాళ్లు. ఆ ఎత్తినవాళ్లలో బెజవాడ విల్సన్ కుటుంబం ఉంది. తెలుగు మాట్లాడే కుటుంబం. తాము చేసే పని ఏమిటో పిల్లాడికి తెలియనివ్వలేదు ఇంట్లోవాళ్లు. బడిలో తోటి పిల్లల వెక్కిరింపుల్లో తెలిసింది.

మూడు కిలోమీటర్ల లోతుకి గాలి పంపగలిగిన ఊరికి, ఇంటి వెనక ఒక ఫ్లష్ కట్టడం చేతకాలేదా? చేతనవును. అవసరం అనిపించలేదు. చవగ్గా, నోరెత్తకుండా చేసే కులం ఉండగా యంత్రం ఎందుకు? బంగారానికి ఇంజనీరింగ్, మలానికి కులం.

ఆ విల్సన్, మన ఆంధ్ర కేడర్ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ నిలబెట్టారు. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలివ్వాలంది కోర్టు. 2023 అక్టోబర్‌లో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కి రాసుకున్నారు వాళ్ల ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్.

ఇప్పుడు మా కాలేజీ సంగతి.

మాది డిగ్రీ కాలేజీ. మొన్నామధ్య ఒకరోజు డిజైన్ పోటీ పెట్టారు, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ రెండూ. తెలుగు మేడమ్‌కి అక్కడేం పని అంటారా? పిల్లలు చెప్పేది అర్థమవుతోందో లేదో చూసి మార్కులు వేయడానికి నన్నూ కూర్చోబెట్టారు.

ఒక జట్టు 'స్మార్ట్ మ్యాన్‌హోల్' తెచ్చింది. ఆర్డుయినో బోర్డు, మీథేన్‌కి ఎంక్యూ-4 సెన్సార్, హైడ్రోజన్ సల్ఫైడ్‌కి ఎంక్యూ-136, ఫోన్‌లో ఒక యాప్. తాడు కట్టి లోపలికి దించితే గ్యాస్ ఉంటే ఎర్ర లైటు, లేకపోతే పచ్చ లైటు. ముందుండి చెప్పిన అబ్బాయి బాగా చెప్పాడు. బయటి నుంచి వచ్చిన జడ్జి అడిగాడు, "మీ యూజర్ ఎవరు?"

"మున్సిపల్ కమిషనర్ సార్."

స్లైడ్ మీద ఇంటర్నెట్ నుంచి దించిన ఫోటో ఉంది. నడుము దాకా మురుగులో ఉన్న మనిషి. ఆయన యూజర్ కాదట, ఫోటో.

"అయితే పచ్చ లైటు వెలిగితే మనిషి దిగొచ్చు, అంతేనా?" అన్నాడు జడ్జి. "అంతే సార్."

జట్టులో చివర నిలబడ్డ అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. స్లైడ్లు మార్చడం ఆమె పని. ఉన్నట్టుండి అంది. "పచ్చ లైటు చూసి దిగితే చచ్చిపోతాడు సార్."

హాలు నిశ్శబ్దమైంది. ఆమె ఆగలేదు. గ్యాస్ సిల్టు కింద పట్టుకుని ఉంటుంది సార్, కదిలించకముందు చూస్తే ఏమీ తెలియదు, కాలు పెట్టగానే లేస్తుంది అంది. ముందు వెదురు బద్దతో అడుగు దాకా కెలకాలి, అటూ ఇటూ ఉన్న మూతలు కూడా తీసి చాలాసేపు వదిలేయాలి అంది. బొద్దింకలు తిరుగుతున్నాయా చూస్తారు, బొద్దింక కూడా లేకపోతే దిగరు అంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంటే కొంత నయం, వస్తున్న వాసన ఉన్నట్టుండి ఆగిపోతేనే భయం అంది.

ప్రతి మాటా నిజం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే ఉంటుంది. సిల్టు కదిలితే ఒక్కసారిగా విడుదలవుతుంది. పది లక్షల వంతుల గాలిలో సుమారు వంద వంతులు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఇంకా పెరిగితే రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. కాపాడబోయినవాడూ అందుకే కూలిపోతాడు. నౌషాద్‌ని గుర్తు తెచ్చుకోండి.

జడ్జి ముందుకి వంగాడు. "నీకెలా తెలుసమ్మా ఇదంతా?"

ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె మొహం నేను చూశాను.

"యూట్యూబ్‌లో చూశాను సార్."

సాయంత్రం స్టాఫ్‌రూమ్ బయట నిలబడింది. "మా నాన్న పని అది మేడమ్. చెప్పాల్సిందా?"

తొందరపడి జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను ఇంటర్‌లో చేరినప్పుడు దరఖాస్తులో అమ్మ వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాశాను. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మున్సిపాలిటీ రోడ్లు ఊడ్చేది. ఆ చీపురు జీతంతోనే నా ఫీజు కట్టింది. డాక్టరేట్ వచ్చేదాకా ఆ గడిలో నిజం రాయలేదు నేను. అలాంటిదాన్ని, ఆ అమ్మాయిని ధైర్యంగా చెప్పమ్మా అనడానికి నాకేం హక్కుంది?

"చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం" అన్నాను. "కానీ యూట్యూబ్ అనకు. ఆ క్రెడిట్ మీ నాన్నది. 'ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని అడిగి తెలుసుకున్నాం' అను. అబద్ధం కాదు కదా."

జట్టుకి బహుమతి రాలేదు. కానీ వారం తర్వాత వాళ్లు ఆ పరికరాన్ని మార్చారు. సెన్సార్‌ని తాడుకి కాకుండా పొడవాటి కర్రకి కట్టారు. ముందు కెలకాలి, తర్వాత కొలవాలి, కాసేపాగి మళ్లీ కొలవాలి. అన్నిటికంటే పెద్ద మార్పు యాప్‌లో. పచ్చ లైటు తీసేశారు. ఎర్ర లైటు ఒక్కటే ఉంచారు. 'దిగొచ్చు' అని చెప్పే హక్కు ఏ యంత్రానికీ లేదని ఆ అమ్మాయి పట్టుబట్టిందట. లోపల ఏముందో తెలిస్తే చాలు, తీసే పని పైనుంచి మిషన్ చేయాలి అందట. చట్టం రాసినవాళ్లకి తట్టని వాక్యం అది.

మిత్రులారా, హ్యాకథాన్లు దండగ అని నేననను. కేరళ కుర్రాళ్ల రోబో పాత కార్మికుల్నే ఆపరేటర్లని చేసింది. మన హైదరాబాద్‌లో 2017లో జలమండలి ఇరుకు సందుల్లో పట్టే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దించింది, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి. దళితుల చేతికి యంత్రం యజమానిగా రావడం చిన్న సంగతి కాదు. యంత్రం వస్తే చాలదు, అది ఎవరి చేతికి వస్తుందో, ఎవరి మాట విని తయారవుతుందో చూడాలి అంటున్నాను.

అందుకే పోటీలకి వెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మూడు మాటలు.

ఒకటి. మీకిచ్చిన సమస్యని కూడా ప్రశ్నించండి. 'సురక్షితంగా దిగడం ఎలా' అని రాసి ఉంటే, 'అసలు దిగకుండా ఎలా' అని తిప్పి రాయండి.

రెండు. ఆ పని చేసే మనిషిని మాట్లాడించకుండా సోల్డరింగ్ పట్టుకోకండి. మాట్లాడితే ఆయన ఆ రోజు కూలి ఆయనకి ఇవ్వండి. తెలివికి కూలి ఉంటుంది. జడ్జీల బల్ల దగ్గర ఒక కుర్చీ ఆయనకి వేయమని అడగండి.

మూడు. మీ జట్టులో చివర నిలబడి స్లైడ్లు మారుస్తున్న మనిషి వైపు ఒకసారి తిరిగి చూడండి. వాళ్ల ఇంటి సంగతి గుచ్చి గుచ్చి అడగొద్దు. 'నువ్వేమంటావ్' అని అడగండి చాలు.

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. రాసుకోవాలనుకున్న రోజు తనే రాసుకుంటుంది. మొన్న కొత్త స్లైడ్లు చూపించింది. ఇంటర్నెట్ ఫోటో తీసేసింది. యూజర్ అన్నచోట కమిషనర్ లేడు. 'మా నాన్న' అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంది.

వచ్చే భాగంలో ఆరె, రంపె.

జై భీమ్.