రాతకెక్కిన వీరులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊరి నుంచి అచ్చయి వచ్చింది. ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ ఏళ్ల తరబడి ఒకే కథను నడుపుతారు. ఆ సుదీర్ఘ కథే క్యాంపెయిన్. అందులో వీరుడెవరో తొలి పుస్తకాలే లెక్కగట్టాయి. 8,000 అనుభవ పాయింట్లు కూడబెట్టిన యోధుడు నాలుగో లెవెల్‌లో ‘హీరో’, 1,20,000 కూడబెడితే ఎనిమిదో లెవెల్‌లో ‘సూపర్‌హీరో’. రాక్షసుల్ని చంపినా, నేలమాళిగల్లోంచి బంగారం తెచ్చినా పాయింట్లు వచ్చేవి. కానీ ఆ హోదా దక్కినంత మాత్రాన పేరు నిలవలేదు. పేరును నిలిపింది సాహసం కన్నా రాత అని ఆ ఆట చరిత్రే చెబుతోంది.

ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ నడిపిన గ్రేహాక్ క్యాంపెయిన్‌నే చూడండి. మాంత్రికుడు మార్డెన్‌కైనెన్ ఆయన సొంత పాత్ర, టెన్సర్ ఆయన కుమారుడి పాత్ర. గైగాక్స్ రాసిన 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ ఇద్దరి పేర్లూ మంత్రాలకు పెట్టారు. గైగాక్స్ ఆట బల్ల ముఖం చూడని లక్షలాది మంది ఆ మంత్రాలు వాడిన ప్రతిసారీ వాళ్ల పేర్లు పలికారు. అంతకు ముందే, 1971 నుంచి, మినియాపోలిస్ ప్రాంతంలో డేవ్ ఆర్నెసన్ బ్లాక్‌మూర్ క్యాంపెయిన్ నడిపాడు. ఈ ఆటకు పునాది పడింది అక్కడే. అయినా అక్కడి తొలి సాహసికుల పేర్లు మంత్రాల జాబితాకు ఎక్కలేదు. ఆర్నెసన్‌కు కూడా దాదాపు అదే గతి పట్టింది. 1974లో వచ్చిన ఆట పెట్టె మీద గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి, తర్వాతి ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుస్తకాలు గైగాక్స్ ఒక్కడి పేరుతో వచ్చాయి. ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాడు, 1981లో రాజీ కుదిరింది.

ఎక్కువ కాలం బతికి ఎక్కువ సాధించినవాళ్లే గుర్తుంటారు, అది న్యాయమే కదా అనవచ్చు. కానీ ఆ బతకడం ఎవరి ప్రాణాల మీద సాగింది? గ్రేహాక్ ఆటగాడు రాబ్ కుంజ్ పాత్ర రోబిలార్, టూమ్ ఆఫ్ హారర్స్ అనే మృత్యుగుహలోకి ఓర్కులనే రాక్షసజాతి అనుచరుల్ని ముందు నడిపించాడు. ఉచ్చుల్లో పడి చచ్చింది వాళ్లు, బయటపడ్డది రోబిలార్. కథలో మిగిలిన పేరు అతనిదే. సేవకులకూ కీర్తి దక్కిందని కొందరు బిగ్‌బీని చూపిస్తారు. మొదట శత్రువైన ఆ మాంత్రికుణ్ణి మార్డెన్‌కైనెన్ లొంగదీసి అనుచరుణ్ణి చేసుకున్నాడు. ఆ బిగ్‌బీ పేరు కూడా మంత్రాలకెక్కిన మాట నిజమే. అయితే బిగ్‌బీని ఆడించిందీ, ఆ పుస్తకం రాసిందీ గైగాక్సే. రాసేవాడి చేతికి అందినంత మేరకే సేవకుడికైనా పేరు దక్కింది. అచ్చులోకెక్కిన పేరు కూడా శాశ్వతమేమీ కాదు. 2000లో ఇతరులు వాడుకోవడానికి విడుదల చేసిన నియమావళిలో మంత్రాలు ఉన్నాయి, ఈ మాంత్రికుల పేర్లు లేవు. వాటిని ప్రచురణ సంస్థ తన సొత్తుగా ఉంచుకుంది.

మార్డెన్‌కైనెన్ కీర్తికి అనర్హుడని ఎవరూ అనలేరు. అతనితో సమానంగా తెగించినవాళ్ల పేర్లు రాసేవాళ్లు లేక పోయాయి, అన్యాయం అక్కడుంది. తెలుగులో ఈ ఆట నడిపేవాళ్లకు ఇదే నా విన్నపం: మీ క్యాంపెయిన్ నోటుపుస్తకంలో గెలిచినవాడి పేరు పక్కనే, దివిటీ పట్టినవాడి పేరు, వాకిలి కాస్తూ పడిపోయినవాడి పేరు కూడా రాయండి.