దుమ్ముకీ వానకీ మధ్య

2024 మే 26, ఆదివారం. రోహిణి కార్తె వచ్చి రెండో రోజు. పొద్దుటి నుంచీ నిప్పులు చెరిగిన ఎండ మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి మాసిపోయింది. గాలి స్తంభించింది, ఆకు కదల్లేదు. తెలంగాణ జిల్లాల మీద మబ్బు నిలువునా లేస్తోంది.

నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో ఆ వేళకి ఒక పొలం దగ్గర షెడ్డు కడుతున్నారు. గోడలు లేచాయి, పని ఇంకా పూర్తి కాలేదు. ముందు ఎర్రటి దుమ్ము వచ్చింది. కళ్లు మూసుకుని తెరిచేలోగా దాని వెనకే గాలి వచ్చి గోడను తోసేసింది. అక్కడున్నవాళ్లలో నలుగురు చనిపోయారు. అదే సాయంత్రం మేడ్చల్ జిల్లాలో ఒకే బండి మీద వెళ్తున్న ఇద్దరి మీద చెట్టు విరిగిపడింది. రాత్రి అయ్యేసరికి రాష్ట్రమంతటా మృతులు పదిమందిని దాటారు. తుపాను తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, ఒక్క వేసవి దుమారానికి ఇంతమంది!

ఆ గాలి జంట నగరాల మీదికీ వచ్చింది. ఇలాంటి సాయంత్రం లాలాగూడలో ఏం జరుగుతుందో ఇక్కడివాళ్లెవరినడిగినా చెబుతారు. 1893లో నిజాం కాలపు రైల్వే పెట్టిన క్యారేజీ వర్క్‌షాప్ చుట్టూ అల్లుకున్న పేట ఇది. పాత క్వార్టర్ల మధ్య ముదిరిన వేపచెట్లు. సందుల్లో రేకుల ఇళ్లు, వాటిని ఆనుకుని లేచిన మిద్దెలు. మే నెలంటే ఆ మిద్దెల నిండా ఎండబెట్టిన మిర్చి, వడియాలు, తీగల మీద బట్టలు. మొదటి సుడి లేవగానే అందరి కాళ్లూ మెట్లవైపే పరుగెడతాయి.

"అత్తమ్మా, మీరు పైకి రాకున్రి, మిర్చి నేనెత్తుతా!"

"మిర్చి పోతే పోయింది బిడ్డా, ముందు నువ్వు కిందికి దిగు!"

ఈ రెండు మాటలూ ప్రతి ఎండాకాలం ఏదో ఒక మిద్దె మీద వినబడతాయి. వీటిలో రెండో మాట కోసమే ఈ కథ రాస్తున్నాను. పక్కింటి రేకు లేచి ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు. ఖాళీ నీళ్ల ట్యాంకు దొర్లుతుంది. ఇటుకలు పేర్చి వదిలేసిన పిట్టగోడ జారుతుంది. కోడలు చేతిలో ఉన్నది వంద రూపాయల మిర్చి కావచ్చు, వెయ్యి రూపాయల మిర్చి కావచ్చు. అత్తమ్మ లెక్క వేరు. ఆవిడ లెక్కే సరైనది.

దుమ్ము ముందు, వాన వెనక. ఎప్పుడూ ఈ వరసే ఎందుకు? వేసవిలో బంగాళాఖాతం మీదినుంచి వచ్చే తేమ, దక్కన్ నేల మీద కాగిన పొడిగాలిని తాకుతుంది. వేడిగాలి ఆ తేమను ఎత్తుకుని పైకి లేస్తుంది, మబ్బు పది కిలోమీటర్లకు మించి పెరుగుతుంది. అందులోంచి జారే వాన చినుకులు కింది పొడిగాలిలో దారిలోనే సగం ఆవిరైపోతాయి. ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది. నిండు బిందె గచ్చు మీద బోర్లిస్తే నీళ్లు ఎటు పారతాయి? నలువైపులా. ఆ గాలీ అంతే. మబ్బు ఇంకా రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉండగానే దాని గాలి మన వీధిలోకి వచ్చేస్తుంది. నెలల తరబడి ఎండిన నేల మీది మట్టిని లేపుకుంటూ వస్తుంది. అంటే మన కళ్లలో పడే ఆ దుమ్ము, అసలు దెబ్బ రాబోతోందని పంపిన కబురు. కొన్నిసార్లు పది నిమిషాలు దొరుకుతాయి, కొన్నిసార్లు రెండే.

ఆ కొద్ది నిమిషాల్లో మనం ఏం చేస్తామన్నదే నన్ను బాధపెడుతుంది. తడవకూడదని చెట్టు కిందికి వెళ్తాం. దుమ్ము పడకూడదని గోడ చాటుకు, హోర్డింగ్ కిందికి వెళ్తాం. ఇంద్రకల్ ఘటనకు సరిగ్గా 13 రోజుల ముందు, మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో దుమ్ము తుపాను వచ్చింది. పెట్రోలు బంకులో ఉన్నవాళ్ల మీద 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పున్న హోర్డింగ్ కూలి 17 మంది పోయారు. అక్కడ హోర్డింగ్ 40 అడుగులు దాటకూడదని నిబంధన ఉంది. మన ఊళ్లో 2019 ఏప్రిల్ 22న ఎల్బీ స్టేడియంలో ఫ్లడ్‌లైట్ టవరే గాలికి ఒరిగి ఒకరిని బలి తీసుకుంది. ఈ మరణాలను గాలి ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మనిషి కట్టినది, మనిషి చూడకుండా వదిలేసినది కూలి మనుషుల్ని చంపింది.

ఎడారి ఊళ్లవాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. అమెరికాలోని ఫీనిక్స్ నగరాన్ని 2011 జులై 5న వేల అడుగుల ఎత్తున్న దుమ్ము గోడ కమ్మేసింది. అక్కడ బండి నడిపేవాళ్లకు చెప్పే పద్ధతి ఇది: దుమ్ము కనబడగానే రోడ్డు వదిలి బాగా పక్కకు వెళ్లి ఆగాలి, లైట్లన్నీ ఆర్పాలి, బ్రేకు మీంచి కాలు తీసేయాలి. వెనక వచ్చేవాడు మన ఎర్ర లైటు చూసి, అదే దారి అనుకుని మనల్ని గుద్దేస్తాడని.

అంత దూరం ఎందుకు? లాలాగూడ బతుకంతా అల్లుకున్న రైల్వే దగ్గరే ఆ క్రమశిక్షణ ఉంది. 1964 డిసెంబరులో తుపాను ధనుష్కోడి దగ్గర ప్యాసింజర్ రైలునే మింగేసింది. అదే దారిలో సముద్రం మీదున్న పాత పాంబన్ వంతెన మీద గాలివేగం కొలిచే యంత్రం ఉండేది. గంటకు 58 కిలోమీటర్లు దాటిందంటే సిగ్నల్ ఎర్రబడేది, రైలు కదిలేది కాదు. ప్రయాణికులకు ఎంత తొందరున్నా సరే. మన మిద్దెలకు ఆ యంత్రం లేదు. వీధిలో లేచే దుమ్మునే ఎర్ర సిగ్నల్ అనుకోవాలి.

బేగంపేటలోని వాతావరణ కేంద్రం రాడార్‌లో మబ్బు లేవడం చూసి, రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిక ఇస్తుంది. ఫోన్‌కు వచ్చిన ఆ సందేశాన్ని మార్చి నుంచి వానలు కుదురుకునే దాకా చదవకుండా తుడిచేయకండి. ఈ ఆదివారమే ఒకసారి మిద్దె ఎక్కి చూడండి. రేకుల మీద బరువు కోసం పెట్టిన రాళ్లు తీసేసి, రేకుల్ని బోల్టులతో బిగించండి. ఖాళీ ట్యాంకును కట్టేయండి. సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకల్ని దించేయండి. ఇంటి మీదికి వాలిన కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే మీరు ముట్టుకోవద్దు, కరెంటు ఆఫీసుకు, మున్సిపాలిటీకి చెప్పండి. క్వార్టర్లలో ఉంటే రైల్వేవాళ్లకు రాసివ్వండి. రైలు తీగల్లో 25 వేల వోల్టులుంటాయి, వాటి పక్కన చెట్టు జోలికి ఎవరూ పోకూడదు.

దుమ్ము లేచాక మాత్రం ఏ పనీ పెట్టుకోకండి. బండి మీద ఉంటే చెట్టుకు, హోర్డింగ్‌కు, సగం కట్టిన గోడకు దూరంగా, పక్కా భవనంలోకి వెళ్లండి. మిద్దె మీద ఉంటే బట్టలు, మిర్చి అక్కడే వదిలేసి, పిల్లల్ని తీసుకుని వెంటనే కిందికి దిగండి.