పూటకూటి యిల్లు

మన దేశమున అన్నము పెట్టినవారి పేరు రాతిమీద నిలిచినది. అన్నము అమ్మినవారి పేరు చాలవరకు నోటిమీద సైతము నిలువలేదు. దేవాలయ శాసనములను చదివినచో, సత్రమునకు ఇంత భూమి, నిత్యము ఇందరికి భోజనము అని వ్రాసి, దాత పేరును అతని వంశమును గూడ చెప్పుట కానవచ్చును. అన్నదానమును మించిన దానము లేదని పెద్దల మాట. ఆ మాట వెనుకనే మరియొక తలంపు కూడ పెరిగినది: అన్నమును అమ్ముకొనుట తక్కువ పని యని. ఈ రెంటి నడుమ, దాతల చేయి చేరని చోట, కాసు పుచ్చుకొని బాటసారి ఆకలి తీర్చిన గృహమొకటి కలదు. అదియే పూటకూటి యిల్లు. గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి నేలకు ఆ యింటితో గల సంబంధమును నేడు ముచ్చటించుకొందము.

పూటకు ఇంత యని వెల చెల్లించి తినెడు కూడు పూటకూడు. అచ్చటికి వచ్చినవాడు చుట్టము కాడు, బిచ్చగాడును కాడు. చుట్టమైనచో మరల ఒకనాడు తాను పెట్టవలయును. బిచ్చగాడైనచో తల వంచవలయును. పూటకూటి యింట వెల చెల్లించినవాడు ఎవరికిని ఋణపడక చేయి కడుగుకొని తన దారిని పోవచ్చును. పరాయి యూరిలో కోర్టు వ్యాజ్యెమునకో, సంతబేరమునకో, చదువునకో వచ్చినవానికి ఇది యెంత గొప్ప సదుపాయమో చెప్పనక్కరలేదు. అది లేనిచో మూడు రాళ్ళు పేర్చి, పుల్లలేరి, మూటలోని నూకలు తానే వండుకొనవలసినదే.

ఈ యేర్పాటు ఇంగ్లీషువారి రాకతో పుట్టినది కాదు. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన క్రీడాభిరామమును చూడుడు. అది శ్రీనాథుని రచనయే యనువారును కలరు. ఎవరిదైనను, పదునైదవ శతాబ్ది తొలినాళ్ళ తెలుగు జీవితమునకు అది అద్దము. అందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో తిరుగుచుండగా పూటకూటింటి ప్రసక్తి వచ్చును. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు లభించు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించెను: మేలురకపు బియ్యపుటన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, గడ్డపెరుగు. ఒకే వెల, నిండు విస్తరి. నేటి హోటలులో మనము ‘ఫుల్ మీల్స్’ అని పిలుచునది ఈ రూక భోజనమునకు మునిమనుమడే.

ఆ విస్తరిలో లేని వస్తువొకటి కలదు. అది మిరపకాయ. నేడు గుంటూరు పేరు చెప్పగనే లోకమునకు స్ఫురించు మిరపకాయను వల్లభరాయడు ఎరుగడు. ఆ మొక్క పుట్టినిల్లు అమెరికా ఖండము. వాస్కో డ గామా 1498లో కళ్ళికోట చేరిన పిమ్మట, పోర్చుగీసు వర్తకుల ద్వారా అది మన దేశమునకు వచ్చినది. అంతవరకు మన వంటలలోని కారము మిరియములది. మిరప యను పేరులోనే ఆ పాత మిరియపు జ్ఞాపకము దాగియున్నది. నేడు మన హోటలు విస్తరిలో మొదట కనబడు గోంగూర పచ్చడిలోను, కారప్పొడిలోను ఉన్న ఘాటు, సనాతనమని మనము తలచునది, నిజమునకు కొన్ని శతాబ్దుల నాటిదే.

మరియొక మాట. ఆ విస్తరిలోని వరియన్నము కూడ మెట్టసీమ రైతునకు నిత్యాహారము కాదు. పలనాటి జొన్నకూటిని పరిహసించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారములో కలవు. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత డెల్టాలోను, నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిన తరువాత మెట్టలోను వరి వ్యాపించినది. అంతకుముందు పత్తి, జొన్న పండించు రైతు పట్టణమునకు వచ్చి పూటకూటి యింట కూర్చుండుట యనగా, ఇంట పండుగనాడు మాత్రమే దొరకు తెల్లని అన్నమును వెల యిచ్చి తినుట. ఇక 1832–33లో, నందన సంవత్సరపు కరవునాడు, గుంటూరు మండలమున కాసు చేతనున్నను కూడు కొనలేని స్థితి ఏర్పడెను. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని అంచనా. అన్నము అంగడిలో దొరకుట యెంతటి భాగ్యమో ఆ తరమువారికి తెలిసినట్లు మనకు తెలియదు.

పూటకూటి యిండ్లను నడిపినవారెవరు? వారిలో పెక్కుమంది భర్తను గోల్పోయిన స్త్రీలు. చదువు లేదు, ఆస్తిపై హక్కు స్వల్పము, పునర్వివాహమునకు సంఘము ఒప్పుకొనదు. చేతిలో మిగిలినది వంట నేర్పు ఒక్కటే. ఆ నేర్పును అమ్ముకొని బిడ్డలను పెంచిన తల్లిని సంఘము మెచ్చుకొనలేదు సరికదా, అనుమానపు చూపు చూచెను. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చైన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో ఒక పూటకూళ్ళమ్మ కలదు. గిరీశము ఆమె కూడు తిని, ఆమె సొమ్ము వాడుకొని, ఆమెనే మోసగించును. ఆమెకు నాటకములో వేరు పేరు లేదు. వృత్తియే ఆమె పేరు. అది కవి చేసిన లోపము కాదు, లోకరీతికి ఆయన పట్టిన అద్దము.

ఈ పేరులేని వారిలో ఒకరి పేరు మాత్రము మనకు నిశ్చయముగ తెలియును. ఆమె టంగుటూరి సుబ్బమ్మ. ఆమె కుమారుడు ప్రకాశము 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెములో జన్మించెను. బాలునికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గోపాలకృష్ణయ్య మరణించెను. సుబ్బమ్మ ఒంగోలులో పూటకూటి యిల్లు నడిపి సంసారము నీదినది. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోని తాలూకా పట్టణము. పనులమీద వచ్చి పోవువారికి భోజనము కావలసియుండెను. ఆమెకు బిడ్డల చదువు కావలసియుండెను. ఆనాడు ఆ వృత్తికి గౌరవము లేదు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తెలిసియు పొయ్యి వెలిగించినది.

ఆ పొయ్యి వెలుగున చదివిన బాలుడు రాజమహేంద్రవరమున వకీలై, ఇంగ్లాండులో బారిస్టరై, 1928లో సైమను కమీషను నాడు మదరాసులో తుపాకుల యెదుట రొమ్ము విరిచి నిలిచెను. 1946లో మదరాసు రాష్ట్ర ప్రధానియై, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. తన తల్లి పడిన పాట్లను స్వీయచరిత్రలో దాచలేదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టిరి. ఆవిధముగ ఒక పూటకూళ్ళమ్మ బిడ్డ పేర ఒక జిల్లా వెలసినది.

సుబ్బమ్మ తరము గడచుచుండగనే కాలము మారెను. 1899లో మదరాసు, బెజవాడల నడుమ ఒంగోలు, చీరాల, తెనాలి మీదుగ రైలు నడచెను. పత్తిబేళ్ళతో, పొగాకుతో, మిరప బస్తాలతో గుంటూరు వర్తక నగరమయ్యెను. పూటకూటి యింటి స్థానమున హోటలు వచ్చెను. శాకభోజనమునకు బ్రాహ్మణ హోటలు, మాంసభోజనమునకు మిలిటరీ హోటలు అని జనము పేర్లు పెట్టుకొనిరి. గుంటూరులో శంకర్ విలాస్ కూడలికి ఆ పేరు వచ్చినది ఒక హోటలు వలననే. రాజుల పేర్లు, దొరల పేర్లు వహించిన పేటల నడుమ, ఒక కూడలి హోటలు పేరు ధరించుట సామాన్య విషయము కాదు.

అయితే వెల చెల్లించినంత మాత్రమున అందరికిని ఒకే పంక్తిలో ఆకు పడలేదు. కులమును బట్టి వేరు గదులుండిన హోటళ్ళు ఉండెను. కొందరికి లోనికి ప్రవేశమే లేకుండెను. పత్తి తీసిన చేతులు, మిరపకాయలు కోసిన చేతులు వాకిట నిలిచి ఆకు పట్టవలసివచ్చెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పదునైదవ అధికరణములో, దుకాణములకును భోజనశాలలకును హోటళ్ళకును పోవుటలో కులమతాది భేదములు అడ్డు కారాదని చాటెను. అస్పృశ్యతా నేరముల చట్టము 1955లో వచ్చెను. చట్టము వచ్చిన పిమ్మటను పల్లెలలోని టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము సాగినది. పూటకూటి యింటి మూలసూత్రము, అనగా వెల యిచ్చినవాడు ఎవనికిని లొంగనక్కరలేదనునది, అందరిపట్ల నిజము కావలెనన్న ఎంత కాలము పట్టెనో దీనివలన తెలియుచున్నది.

అన్నము అమ్మినవారిని ఇతర దేశములవారు ఎట్లు తలచుకొందురో ఒక్క ఉదాహరణము చూతము. తైవాను ద్వీపమున, సోయా రసములో మెల్లగ ఉడికించిన పందిమాంసపు తునకలను వేడియన్నముపై పోసి యిచ్చు చిన్న దుకాణములు కలవు. ఆ అన్నమును వారు లూ రౌ ఫాన్ అందురు. అది సామాన్యుని గిన్నె. 1960లో తైపే నగరమున వీథిపక్క మొదలైన ఒక దుకాణపు యజమాని, పేరు చాంగ్, పనియొత్తిడిలో గడ్డము గీసికొనుటకు తీరిక లేనివాడట. జనము ‘గడ్డపు చాంగ్’ అని పిలిచిరి. నేడు పెక్కు శాఖలు గల ఆ సంస్థకు ఆ పేరే పేరు, ఆ గడ్డమే గుర్తు. అన్నము అమ్మి బ్రదికిన తండ్రి ముఖమును పలకపై వ్రాయించుటకు అచ్చట ఎవరును సిగ్గుపడలేదు.

మన పట్టణములలో పూటకూటి యిల్లు నశించలేదు. విద్యార్థుల మెస్సుగా, వీథి మలుపున కూరలమ్ము కర్రీ పాయింటుగా వేషము మార్చుకొన్నది. అందు పెక్కింటి వెనుక నేటికిని ఒక స్త్రీ చేయి కలదు. ఆ చేతి వెనుక ఎవరో ఒక బాలుని చదువో, బాలిక చదువో కలదు. అన్నదాతలకు మన మిచ్చు గౌరవమును తగ్గింపనక్కరలేదు. వెలకు అన్నము పెట్టి, మన ఆత్మగౌరవమును మనకే మిగిల్చిన వారికిని అందులో పాలు పంచుట న్యాయము. ప్రకాశం జిల్లా పేరు పలికినప్పుడు, ఆ పేరును అన్నము పెట్టి పెంచిన సుబ్బమ్మను కూడ ఒక్కమారు తలచుకొనుట మన ధర్మము.