పాలమూరు కూలీ – మార్క్సు సిద్ధాంతం

కార్ల్ మార్క్సు 'పెట్టుబడి' గ్రంథం మొదటి సంపుటం 1867లో వెలువడింది. ఇంగ్లండు మిల్లులను చూసి రాసిన ఆ సిద్ధాంతం నేటి సమాజాలకు వర్తిస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి లండను దాకా పోనక్కరలేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, దానికి ఈశాన్యాన వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు చాలు.

గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలో సంస్థానాలు. 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ప్రభువులు పోయారు గాని మెట్టభూమికి నీరు రాలేదు. నదులు పక్కనే పారుతున్నా, వాన తప్పితే రైతుకు పని ఉండేది కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసినవారు ఈ పల్లెలవారే. పరుల పొలాలకు నీళ్ళు మళ్ళించిన 'పాలమూరు లేబరు' సొంత చేను మాత్రం ఎండిపోయింది.

పెట్టుబడికి ఎప్పుడూ పనిలేని జనం ఒక నిల్వగా కావాలనీ, ఆ నిల్వ ఉన్నంతకాలం కూలిరేటు పెరగదనీ మార్క్సు చెప్పాడు. పాలమూరు విషయంలో ఈ మాట అక్షరాలా నిజమైంది. కాంట్రాక్టరుకు కరువే కూలీలను సమకూర్చి పెట్టింది.

అయితే సిద్ధాంతం మరొక మాట కూడా చెబుతుంది: పెట్టుబడి యుగపు కూలీ స్వేచ్ఛాజీవి, తన శ్రమను ఎవరికైనా అమ్ముకోగలడు. ఇక్కడ ఆ మాట పొసగదు. గుంపు మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్సు ఇస్తాడు. ఆ సొమ్ము పాత అప్పుకో, పెళ్ళికో, తిండికో ఖర్చవుతుంది. పనిస్థలంలో తిండిఖర్చుకు కొంత ముట్టుతుంది. అసలు లెక్క చివరనే. లెక్క తేలేదాకా కుటుంబం కదలలేదు. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టివేసే ఇటువంటి పద్ధతిని మెక్సికోలో గమనించిన మార్క్సు దానిని బానిసత్వపు మరుగురూపంగా గుర్తించాడు. కాని అది ఆయన గ్రంథంలో ఒక పాదసూచిక మాత్రమే. పాలమూరులో ఆ పాదసూచికే అసలు కథ.

ఈ చిక్కు ముస్లిం పాఠకునికి కొత్త కాదు. ఇజారా ఒప్పందంలో కూలి ఎంతో ముందే స్పష్టంగా తెలియాలని ఫిఖ్ శాస్త్రజ్ఞులు షరతు పెట్టారు. అప్పు ఇచ్చి దానిద్వారా లాభం పొందడాన్ని వడ్డీ కింద లెక్కించారు. అడ్వాన్సు చూపి కూలి తగ్గిస్తే, ఆ తగ్గింపు వడ్డీ కాక మరేమిటి? పద్దులో ఆ పేరు కనబడదు, అంతే.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చాయి. రెండవది కూలీకి స్థానచలన భత్యం, ప్రయాణ ఖర్చు ఇవ్వాలన్నది. కాని మేస్త్రీ నోటిమాట మీద సాగే వ్యవహారంలో రుజువు చూపే కాగితం కూలీ చేతిలో ఉండదు.

కనుక మార్క్సు చెప్పినదంతా పాతబడిందనే వారూ, అంతా నిజమైందనే వారూ పాలమూరును సగమే చూచినవారవుతారు. కూలి ఎందుకు పెరగదో ఆయన సిద్ధాంతం చెప్పగలదు. మనిషి ఎందుకు కదలలేడో తెలియాలంటే మాత్రం మేస్త్రీ చేతిలోని అప్పుపద్దు చదవాలి.